రెండు తలుపుల వంటిల్లు

పొద్దున్నే స్టూడియోకి రాగానే ప్యో ఉన్‌సిల్ చేసే మొదటి పని వంటింటి తలుపులు రెండూ తెరిచి చూడడం. తెరిచిన తలుపు అవతల ఇనప బకెట్టు కనిపిస్తే అది మన వైపు. సియోల్ దగ్గర పాజు ఊళ్లోని ఆ మూడో నంబరు స్టూడియో కప్పు మూడేళ్లుగా కారుతోంది. రోజూ బకెట్టు పారబోసే ఓపిక ఉంది గానీ కప్పు బాగుచేయించే ఓపిక ఎవరికీ లేదు. బకెట్టు లేకుండా నేల పొడిగా మెరుస్తుంటే అది అవతలి వైపు. అవతల కప్పు కారదు.

మన తలుపుకి తెల్లటేపు, అవతలి తలుపుకి నీలంటేపు అంటించి, పుస్తకంలో టైము వేసుకుని, అప్పుడు కాఫీ పొట్లం చింపుకుంటుంది. నిన్నటి టేపు ఉంచితే కుదరదు. తెల్లారేసరికి తలుపులు తమ ఇష్టమొచ్చినట్టు మారిపోతాయి.

ఉన్‌సిల్ స్క్రిప్టర్. అంటే సీనుకీ సీనుకీ పొంతన చూసే మనిషి. నిన్నటి ముక్కలో హీరోయిన్ ఎడమచేత్తో గరిటె పట్టుకుంటే ఇవాళ్టి ముక్కలోనూ ఎడమచేత్తోనే పట్టుకోవాలి. జుట్టు ఎటు పడింది, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, జాకెట్టుకి ఎన్ని గుండీలు పెట్టుకుంది, లిప్‌స్టిక్ ఎక్కడ చెరిగింది, అన్నీ నిమిషాలతో సహా రాయాలి. ఇరవై రెండేళ్లుగా రాస్తోంది. ఎవరికి ఎవరితో పేచీ వచ్చినా "ప్యో అక్కని అడగండి" అంటారు. ఆమె పుస్తకం తెరిచి చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు. తెర మీద ఆమె పేరు మాత్రం అందరికంటే చివర, యూనిట్‌కి భోజనాలు పెట్టే అన్నం బండి వాళ్ల పేరు కూడా అయిపోయాక వస్తుంది. అప్పటికి జనం చానల్ మార్చేసి ఉంటారు.

సీరియల్ కథ ఏమంటే, ఒక ఇల్లాలు తన వంటింటి తలుపు తీసి ఇంకో సియోల్‌లోకి వెళుతుంది. ఆ సియోల్‌లో ఆమె పెళ్లి చేసుకోలేదు. టీవీలో ఇలాంటి రెండో లోకాల కథలకి ఆ ఏడు మహా గిరాకీ. డైరెక్టర్ తక్ గిజున్ పంతం పట్టి ఆ వంటింటికి నాలుగు గోడలూ కట్టించాడు. మామూలుగా సెట్టుకి మూడు గోడలే ఉంటాయి, నాలుగో వైపు కెమెరా. "నటికి పారిపోయే దారి కనపడకూడదు, అప్పుడే నటన పుడుతుంది" అన్నాడు. పత్రికలు ఆ మాటని పెద్దక్షరాలతో అచ్చేశాయి. కుడి గోడ ఎలా ఉంటే ఎడమ గోడా అలాగే ఉండేలా, రెంటికీ ఒకే రకం తలుపు పెట్టించాడు.

షూటింగు మొదలయ్యే రోజు ఆనవాయితీ ప్రకారం పంది తలకాయని ఆ వంటింటి బల్ల మీద పెట్టి అందరూ సాగిలపడి మొక్కారు. మర్నాటి నుంచి ఒక తలుపు అవతలి మూడో నంబరు స్టూడియోలోకి తెరుచుకోవడం మొదలుపెట్టింది. అక్కడా ఇదే సీరియల్ తీస్తున్నారు. వంటిల్లు మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే. పంది తలని అడ్డంగా తిప్పి పెట్టడం వల్లే ఇలా అయిందని మేకప్ వాళ్లు అనుకున్నారు. ప్రొడక్షన్ మేనేజరుకి అంత ఆలోచించే తీరిక లేదు. పొద్దున అవతలి వాళ్లకి, మధ్యాహ్నం మనకి అని వంతులు వేసి గోడకి కాగితం అంటించాడు: "అవతలి వారు కాఫీ తాగవచ్చు. కుర్చీలు పట్టుకెళ్లరాదు."

అలా నాలుగు నెలలు గడిచాయి. అన్నం బండి ఆవిడ పదిమందికి ఎక్కువ వండుతోంది. లైట్లు చూసే గూ అవతలి గూని చూస్తే చాలు చిటపటలాడతాడు. "వాడు సిగరెట్లు మానేశాడట! నా మొహమే పెట్టుకుని నాకే నీతులు చెబుతాడేం?" అసిస్టెంట్ డైరెక్టర్ చూ మిగ్యోంగ్ అయితే నీలంటేపు తలుపు వైపు వెళ్లడానికే సిగ్గుపడుతుంది. అవతల డైరెక్టరు ఆమే. ఆ మిగ్యోంగ్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది.

యూనిట్లో పనిచేసేవాళ్లందరికీ అవతల తమలాంటి మనిషి ఒకళ్లున్నారు. తక్‌కీ ఉన్‌సిల్‌కీ మాత్రం లేరు.

తక్ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అవతలి స్టూడియో గేటుకి అతని ఫొటో అంటించి ఉంది, కింద పోలీసుల ఫోన్ నంబరుతో. తక్ ఆ వైపు ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. "నాకు తీరికేదీ" అంటాడు. వంటింట్లోంచి బయటికి వెళ్లే ముందు, ఎంత తొందరలో ఉన్నా సరే, టేపు రంగు చూసుకుంటాడు.

తన సంగతి ఉన్‌సిల్‌కే తెలియదు. ఎవరినీ అడగలేదు.

షూటింగు ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి వడ్రంగులు వచ్చి సెట్టు విప్పేస్తారు. అవతలి వాళ్లు పొద్దుటే తమ ఆఖరి సీను ముగించుకుని, వాళ్ల వైపు రైసు కేకులు పంచుకుంటున్నారు. ఉన్‌సిల్ చెంచాలు సర్దుతుండగా అవతలి హీరోయిన్ బాంగ్ సురిన్ రెండు కాఫీ కప్పులు పట్టుకుని లోపలికొచ్చింది.

"అక్కా, నాలుగు నెలలుగా నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నావ్. నేనేమన్నా నీ కుర్చీ ఎత్తుకెళ్లానా?"

ఉన్‌సిల్ చెంచాలు లెక్కపెడుతూనే ఉంది.

"మా వైపు నువ్వు ఎక్కడున్నావో అడగవా?" అంది సురిన్.

"చచ్చిపోయానా?"

"చావడమేంటి, దిట్టంగా ఉంటేనూ! ఇంచియాన్‌లో బడిపిల్లల వ్యాను నడుపుతోంది. గొంతు కూడా పెరిగింది. పిల్లలు హడల్."

"స్క్రిప్టర్ పని మానేసిందా?"

"మానేయడం కాదు, మాన్పించారు. ఆ కాగితం ఇచ్చిందిగా. తర్వాత రెండేళ్లు ఒక్కడూ పని ఇవ్వలేదు. మళ్లీ పిలిచేసరికి 'మీ సీరియళ్లు మీరే చూసుకోండి' అంది. చుసక్ పండక్కి ప్రతి ఏడూ నేనే బేరిపళ్లు పంపుతాను. నాకు తిరిగి చీవాట్లు పంపుతుంది, పళ్లు పుల్లగా ఉన్నాయని."

ఏ కాగితం అని ఉన్‌సిల్ అడగలేదు. అడగక్కర్లేదు.

ఆరేళ్ల క్రితం ఇంకో సీరియల్. తక్కే డైరెక్టరు. సీను విరామంలో "ఎమోషన్ సరిచేయాలి, నా వ్యాన్‌లోకి రా" అని సురిన్‌ని పిలిచాడు. విరామానికి ముందు ఉన్‌సిల్ పుస్తకంలో రాసుకుంది: పెదవి మామూలు, గుండీలు ఆరు. విరామం తర్వాత రాసింది: కింది పెదవి చిట్లింది, రెండో గుండీ లేదు, దారం వేలాడుతోంది, మణికట్టు ఎర్రగా. ఎవరి మీదా కక్షతో రాసింది కాదు. సీను పొంతన కోసం రాసింది. సురిన్ ఫిర్యాదు చేసింది. కంపెనీ వాళ్లు ముగ్గురు మగవాళ్లని బల్ల వెనక కూర్చోబెట్టి విచారణ అన్నారు. ఉన్‌సిల్‌ని పిలిచారు. "అమ్మా, మీ పుస్తకంలో తప్పుండదంటారు. ఆ రోజు ఏమని ఉంది?" ఆ ముందురోజే తక్ ఆమెని భోజనానికి తీసుకెళ్లాడు. తర్వాతి మూడు సీరియళ్లకీ నువ్వే అన్నాడు. ఉన్‌సిల్ ఆ పేజీ చింపి, కొత్తగా రాసుకొచ్చిన పేజీ చూపించింది. గుండీ సీనులోనే ఊడింది అంది. పెదవి మేకప్ అంది.

తక్ బయటికొచ్చి పరువునష్టం దావా వేశాడు. సురిన్ అబద్ధాలకోరని ఊరంతా తీర్మానించింది. మగవాడు అరిస్తే ప్రతిభ, ఆడది అరిస్తే పిచ్చి. ఇందులో కొత్తేమీ లేదు. కొత్తేమిటంటే, ఆ తీర్మానం మీద మొదటి సంతకం ఒక ఆడదానిది.

"మీ వైపు తక్..." అంది ఉన్‌సిల్.

"మూడున్నరేళ్లు జైలు పడింది. తీర్పు రోజు కోర్టుకి రాకుండా పారిపోయాడు. చేపల ఓడ ఎక్కాడని ఒకరంటారు, గుళ్లో గుండు కొట్టించుకున్నాడని ఒకరు. డిటెక్టివులు ఇద్దరు మా స్టూడియోలోనే తిష్ట వేశారు. ఆఖరి రోజు పార్టీ ఉందంటే వాడు రాకుండా ఉండలేడట, అదీ వాళ్ల ఆశ. ఆశేం లేదు, మా అన్నం బండి పంది కూరకి అలవాటుపడ్డారు." సురిన్ గట్టిగా నవ్వింది. నవ్వి, కప్పులోకి చూసింది. "మీ వైపు నేనేమయ్యాను?"

"ఉయ్‌జంగ్బులో. సూప్ హోటల్లో వడ్డిస్తున్నావ్."

"వెళ్లి చూశావా?"

"ఒకసారి. గిన్నె పెట్టి వెళ్లిపోయావ్. నా మొహం చూడలేదు."

"చూసే ఉంటాను" అంది సురిన్. ఇందాకటి వేళాకోళం గొంతులో లేదు. "అక్కా, మీవాడూ మావాడూ వేరు మనుషులు కారు. చేసింది ఒకటే పని. అక్కడ విన్నారు, ఇక్కడ వినలేదు. అంతే తేడా." నీలంటేపు తలుపు తీసుకుని వెళ్లిపోయింది. తలుపు సందులోంచి ఎవరో పాట పాడుతున్న గోల ఒక్క క్షణం వినిపించి ఆగింది.

మధ్యాహ్నం మన వంతు. రెండు సీన్లు తీశారు. ఆఖరిది మిగిలింది. ఆ సీను ఎదుటి గోడ వైపు నుంచి తీయాలి కాబట్టి ఫ్రిజ్జు, బల్ల, గడియారం, ఉల్లిపాయల బుట్ట అన్నీ ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చారు. అలా మార్చినప్పుడల్లా గదిలో ఏది ఎటో ఎవరికీ అంతుపట్టదు. ఒకసారి గూ బాత్రూముకని వెళ్లి అవతలి మేకప్ గదిలో తేలాడు. టేపు ఒక్కటే దిక్కు.

ఆఖరి సీను ఇల్లాలి చెల్లెలిది. ఆ వేషం వేస్తున్న యోన్ దాహీకి ఇరవై నిండలేదు. ఇదే మొదటి సీరియల్. ఉన్‌సిల్ ఆమె ముందు నిలబడి రాసుకుంటోంది. జుట్టు కుడి చెవి వెనక. గుండీలు ఐదు. పెదవి మామూలు.

"అక్కా" అంది దాహీ మెల్లగా, "డైరెక్టర్ గారు ఎమోషన్ సరిచేస్తారట. ఆయన వెళ్లిన పది నిమిషాలకి వ్యాన్‌లోకి రమ్మన్నారు."

పెన్సిల్ ఆగింది.

"వెళ్లకపోతే ఏమవుతుంది అక్కా? మా అమ్మ మా వీధి వీధంతా చెప్పేసింది, ఆఖరి ఎపిసోడ్‌లో నేనున్నానని. కత్తిరించేస్తారా?"

"ఇంకెవరికైనా చెప్పావా?"

"మేకప్ అక్కకి చెప్పాను. 'పెద్దాయన కదా, నేర్పిస్తాడు' అంది. మిగ్యోంగ్ అక్కకి చెబితే, చేతిలో కాగితాలు కింద పడేసుకుంది."

దాహీ ఆమె మొహంలోకి చూస్తోంది. అందరూ చూసినట్టే చూస్తోంది, పుస్తకం తెరిచి చెబుతుందని. ఉన్‌సిల్ ఆరేళ్లుగా లోపల ఒకటి మోస్తోంది. అది పశ్చాత్తాపమని ఆమె ఇన్నాళ్లూ తనకి తాను చెప్పుకుంది. ఇప్పుడు చూస్తే కాదు. శుద్ధమైన కోపం. వాడి మీద, ఆ ముగ్గురి మీద, అందరికంటే ముందు తన చేతిరాత మీద.

"అన్నం బండి దగ్గరికెళ్లి వేడిగా సూప్ తాగు" అంది. "నేను పిలిచేదాకా కదలకు."

జనం కాఫీలకి బయటికెళ్లారు. కెమెరాలో పడేది చూసుకోవడానికి మూలన కట్టుకున్న గుడారం మూసుకుని తక్ లోపలే ఉన్నాడు. వంటింట్లో ఉన్‌సిల్ ఒక్కతే మిగిలింది. తెల్లటేపు ఊడదీసింది. నీలంటేపు ఊడదీసింది. రెండూ తారుమారు చేసి అంటించి, అంచులు బొటనవేలితో నొక్కింది. తర్వాత ఉల్లిపాయల బుట్ట సర్దుతూ నిలబడింది. తొందరపడి ఎవరైనా వెనక్కొస్తే తలుపు దగ్గరే ఆపేయాలి.

తక్ గుడారంలోంచి బయటికొచ్చాడు. మెడకి ఉన్ని కండువా చుట్టుకున్నాడు. హుషారుగా ఉన్నాడు.

"ఏం ప్యో, ఆఖరి రోజు. మొహం అలా పెట్టావేం, పుట్టింటి నుంచి పంపించేస్తున్నట్టు?"

"ఏం లేదు డైరెక్టర్ గారూ. తల నొప్పి."

"నీకు తలనొప్పి రాకూడదు. అందరి తలలూ నీ దగ్గరే కదా దాచుకుంటారు." తన మాటకి తనే నవ్వుకున్నాడు. "వసంతంలో కొత్తది మొదలుపెడుతున్నాను. నువ్వే. ఇంకెవరి పుస్తకాన్నీ నేను నమ్మను. ఆ రోజు ఆ గదిలో ఎంత చక్కగా చెప్పావో నేను మర్చిపోలేదు."

"నేనూ మర్చిపోలేదు."

"అదీ మనిషంటే." తలుపు దాకా వెళ్లాడు. అలవాటు ప్రకారం ఆగి టేపు చూశాడు. తెలుపు. అయినా ఫ్రిజ్జు అటు మారింది, గడియారం ఇటు మారింది, ఏదో తేడాగా అనిపించినట్టుంది. వెనక్కి తిరిగాడు. "ఇదేనా?"

ఆమె మాటకి ఇన్నేళ్లలో ఎవరూ రెండో సాక్షిని అడగలేదు. ఆ విలువ ఆరేళ్ల క్రితం దేనికి పనికొచ్చిందో ఇద్దరికీ తెలుసు.

"అదే" అంది ఉన్‌సిల్.

తక్ గిజున్ తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఆమె నాలుగడుగుల్లో తలుపు దగ్గరికెళ్లి గడియ వేసింది. షాటు తీసేటప్పుడు ఎవరూ లోపలికి చొరబడకుండా గడియలు వేయడం కూడా ఆమె పనే. అవతల పాట ఆగింది. రైసు కేకు గొంతుకి అడ్డం పడ్డట్టు ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఒక ఆడగొంతు, చాలా తీరిగ్గా, "అరే, ఎవరొచ్చారో చూడండి!" అంది.

జనాన్ని ఉన్‌సిలే అసలు తలుపు గుండా లోపలికి పిలిచింది. ఆ తలుపుకి నీలంటేపు ఉండడం చూసి గూ గుమ్మంలోనే ఆగిపోయాడు. "లోపలికి రా, గాలి కొడుతోంది" అంది. వచ్చాడు. మిగ్యోంగ్ ఒక టేపు చూసింది, రెండో టేపు చూసింది, గడియ చూసింది.

"అక్కా. టేపు..."

"తప్పు అంటించాను."

"నువ్వా?"

"నేనే. పుస్తకంలో రాశాను, టైముతో సహా. కింద సంతకం కూడా పెట్టాను. రేపు కంపెనీ వాళ్లు అడిగితే చూపించు."

అప్పుడే ఆ తలుపు మీద దబదబా దెబ్బలు మొదలయ్యాయి. అరచేత్తో కాదు, రెండు పిడికిళ్లతో. "ప్యో! తలుపు తియ్యి! ప్యో!" అని అరుపు. ఇరవైమంది ఆ ఇరుకు వంటింట్లో నిలబడి ఉన్నారు. ఇరవైమందీ విన్నారు. ఆరేళ్ల క్రితం ఆ వ్యాను పక్కన నిలబడి సిగరెట్లు కాల్చుకున్నవాళ్లు ఇందులో సగంమంది ఉన్నారు. వ్యాను గోడలు పల్చన. ఆ రోజు కూడా అందరి చెవులూ బాగానే ఉన్నాయి.

సౌండు చూసే ముసలాయన చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ ఎత్తాడు. "చప్పుడొస్తోంది మరి."

"తర్వాత డబ్బింగులో తీసేద్దాం" అంది మిగ్యోంగ్. డైరెక్టరు కుర్చీ లాక్కుంది. ఒక్క క్షణం ఆగి కూర్చుంది. "అందరూ సిద్ధమేనా? దాహీ, నీకు తోచినట్టు చెయ్యి. ఎవరూ సరిచేయరు. రోలింగ్."

దాహీ తలుపుల వంక చూసింది. చప్పుడు వినపడుతున్న పిల్లలా కాక, సీనులో ఉన్న చెల్లెలిలా చూసింది. కథలో అక్క ఎటు వెళ్లిపోయిందో తెలియని పిల్ల మొహం అది. ఉల్లిపాయ తీసుకుంది. తరగడం మొదలుపెట్టింది. ఒక్క టేకులో అయిపోయింది. దెబ్బలు మాత్రం ఆ టేకు పొడవునా పడుతూనే ఉన్నాయి. మధ్యలో ఒకసారి "బాబూ, పెద్దమనిషిని, నన్నట్టా లాగకండి" అని వినిపించింది. మేకప్ అమ్మాయి పౌడరు పఫ్ అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. నవ్వాపుకుంటూనే ఏడ్చేసింది. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఐదింటికి వడ్రంగులు వచ్చారు. ఇద్దరు అన్నదమ్ములు. ఏ సీరియల్ ఏ వైపుదో వాళ్లకి పట్టదు, కర్ర తిరిగి పనికొస్తుందా లేదా అన్నదే వాళ్ల లెక్క. పెద్దవాడు తెల్లటేపు తలుపుకి చెవి ఆనించాడు.

"అమ్మా, దీని వెనకాల ఎవరో ఉన్నట్టున్నారే. మూలుగు వినపడుతోంది."

"ఉన్నాడు" అంది ఉన్‌సిల్. "ఒంటరిగా లేడులే, పోలీసులు తోడున్నారు. నువ్వు కానివ్వు."

వాడు తల ఊపి గునపం సందులో దోపాడు. మేకులు కీచుమంటూ ఊడాయి. తలుపు చట్రంతో సహా ముందుకి ఒరిగింది. దాని వెనక ఎవరూ లేరు. సున్నం వెలిసిన స్టూడియో గోడ, ఒక పాత నిచ్చెన, సాలెగూడు. అంతే. అవతలి వైపు పొడి నేల మరి కనిపించలేదు.

ఉన్‌సిల్ కోటు తొడుక్కుని బయటికొచ్చింది. పార్కింగులో మంచు పొడిపొడిగా రాలుతోంది. తక్ వ్యాను ఇంజను ఆన్‌లోనే ఉంది. డైరెక్టరు గారికి లోపల వెచ్చగా ఉండాలని రెండు గంటల నుంచి హీటరు తిరుగుతోంది. డ్రైవరు అన్నం బండి నుంచి తెచ్చుకున్న కింబాప్ అనే అన్నం చుట్ట నములుతూ అద్దం దించాడు.

"డైరెక్టర్ గారు ఎంతసేపట్లో వస్తారండీ?"

"రాడు. ఇంజను ఆపెయ్."

"ఎవరన్నారు?"

"నేనంటున్నాను" అంది ఉన్‌సిల్. "ప్యో ఉన్‌సిల్ అంది అని రాసుకో. ఇవాళ ఒక మాట అన్నాను. ఆరేళ్ల క్రితం చెప్పాల్సింది ఇంకోటి మిగిలే ఉంది. ఉయ్‌జంగ్బుకి బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసా?"

డ్రైవరు కింబాప్ ముక్కతోనే రోడ్డు అవతలికి చూపించాడు. ఆమె కాలర్ పైకి మడిచి, మంచులోకి నడిచింది.